ఇరుక్కొన్న మనిషి, కదలరాని మెడ

రహదారిపై కారు దేనినో ఢీకొన్నది. ముందుభాగము లోనికి నొక్కుకొనిపోయినది. తలుపు వంకరపోయి బిగిసినది. లోపల మనిషి స్టీరింగు చక్రమునకును సీటునకును నడుమ ఇరుక్కొన్నాడు. అక్కడికి మొదట చేరువారెవరు? వైద్యుడు కాడు, పోలీసు కాడు, అగ్నిమాపక దళమును కాదు. ప్రక్క పొలములో మందు చల్లుచున్న రైతు, టీ దుకాణము ముందు నిలబడిన నలుగురు, వెనుక వచ్చుచున్న లారీ డ్రైవరు, అతని క్లీనరు. వారికి కలుగు మొదటి తలంపు ఒక్కటే: మనిషిని బయటకు లాగవలెను. ఆ తలంపులో దయ ఉన్నది, తెగువ ఉన్నది. దానిని మేము తక్కువ చేసి మాట్లాడుట లేదు. కాని చేతులు పట్టి గుంజు ఆ అరనిమిషములో, కారు చేయకుండ వదలిన హానిని మనుష్యుల చేతులు చేయుటకు అవకాశమున్నది. నేటి ప్రసంగము ఆ అరనిమిషమును గూర్చి.

చీరాల ప్రాంతపు శ్రోతలకు ఇది దూరపు విషయము కాదు. కత్తిపూడివద్ద మొదలై కాకినాడ, అమలాపురము, మచిలీపట్నము, రేపల్లె, బాపట్ల, చీరాలల మీదుగా ఒంగోలు చేరు 216వ నంబరు జాతీయ రహదారి మన యిండ్లకు ఎంతో దూరమున లేదు. చినగంజాము ఉప్పు, చెరువుల రొయ్యలు, మార్టూరు బల్లికురవల వైపునుండి వచ్చు గ్రానైటు దిమ్మెలు, వీనినన్నిటిని మోయు లారీలు ఈ ప్రాంతపు దారులమీదనే తిరుగును. ఆదివారము వచ్చినదనిన వాడరేవునకును సూర్యలంకకును పోవు కార్లు వానికి తోడు. చీకటిలో వెనుకదీపము లేని ట్రాక్టరు ట్రక్కు, టైరు ప్రేలి దారిప్రక్క నిలిచిన లారీ, వానిని చివరి క్షణమున గాని చూడని కారు - ఈ కథ మనకు క్రొత్తది కాదు. భారతదేశమంతట 2022 సంవత్సరములో 4,61,312 రోడ్డు ప్రమాదములు జరిగినవనియు, 1,68,491 మంది మరణించిరనియు కేంద్ర రవాణా శాఖ లెక్క. ఈ సంఖ్యలో చేరక, ప్రాణముతో మిగిలియు మెడ క్రింద శరీరము తనది కాకుండపోయిన వారి మాట మనము ఎక్కువగా వినము. వారు మంచముమీద ఉందురు గనుక బజారులో కనబడరు.

మెడలో ఎముకలు ఏడు. ఒకదానిమీద ఒకటి పేర్చిన ఆ పూసల నడుమ రంధ్రము గుండా చిటికెనవ్రేలి పాటి లావున వెన్నుపాము దిగును. కాలు కదపుమని మెదడు పంపు ఆజ్ఞ, ముల్లు గ్రుచ్చుకొన్నదని పాదము పంపు వార్త, అన్నియు ఆ త్రోవనే పోవలెను. మగ్గము నెరిగిన చీరాలవారికి దీనిని చెప్పుట తేలిక. పడుగులో పోగు తెగినచో నేతగాడు మగ్గమాపి, రెండు కొసలు వెదకి పట్టి, ముడివేసి మరల నేత సాగించును; బట్ట పూర్తియైన పిమ్మట ఆ ముడి ఎక్కడనో ఆయనకే తెలియదు. వెన్నుపాములో పోగు తెగినచో ముడివేసి అతుకు నేర్పు నేటివరకు ఏ వైద్యునికిని పట్టుబడలేదు.

అందులోను మెడ యొక్క పైభాగము మరింత గడ్డు చోటు. మనము గాలి పీల్చునపుడు ముఖ్యముగ పని చేయునది రొమ్మునకును కడుపునకును మధ్యనున్న డయాఫ్రము అను కండరపు పొర. దానిని ఆడించు నరము మెడలోని మూడవ, నాల్గవ, ఐదవ నరముల నుండి పుట్టును. అక్కడ దెబ్బ తగిలినచో కాలుసేతులతోపాటు ఊపిరియు ఆగును. దానికి కొంచెము క్రిందుగ తగిలినచో ఊపిరి నిలుచును గాని రొమ్ము కండరములు పడిపోయి కడుపు మాత్రమే ఎగసిపడుచుండును. ప్రమాదములో చిక్కినవాని చొక్కా క్రింద రొమ్ము కదలక పొట్ట మాత్రము పొంగుచుండుట చూచినచో, చేతులు తిమ్మిరెక్కుచున్నవని అతడు చెప్పినచో, మెడ వెనుక నడిమి భాగమున నొప్పి అన్నచో, మెడకు దెబ్బ తగిలెనని అనుమానింపవలెను. తెలివి లేనివాని విషయములోను, త్రాగియున్నవాని విషయములోను అనుమానము ముందే ఉంచుకొనుట మేలు. నొప్పి ఉన్నదో లేదో వారు సరిగా చెప్పలేరు గదా.

ఇక్కడ ఒక చిన్న విశేషము. ఎముక విరిగినంత మాత్రమున వెన్నుపాము తెగదు. విరిగిన పూస తన చోటు విడువక నిలిచినంతవరకు లోపలి పోగులు క్షేమముగా ఉండవచ్చును. అట్టి వానిని చంకలలో చేతులు పెట్టి గుంజి, తల వ్రేలాడగా ఎత్తి, ఆటో వెనుక సీటులో మడిచి కూర్చుండబెట్టినచో ఆ పూస తొలగవచ్చును. మెడకు దెబ్బ తగిలిన ప్రతివాడును ఇట్లగునని మేము చెప్పుట లేదు. కాని ఎవరికగునో బయటినుండి చూచి చెప్పగలవారు లేరు.

మరి బిగిసిన కారులోనుండి మనిషిని తీయుట ఎట్లు? ఈ పనిలో ఆరితేరిన దళములవారు అనుసరించు మార్గము వినుటకు వింతగా నుండును. వారు కారునుండి మనిషిని తీయరు. మనిషి చుట్టునుండి కారును తీయుదురు. సీటులో అతనిని కదలనీయక, తలుపు కోసి, స్తంభములు కోసి, పైకప్పు ఎత్తివేసి, ముందుపలకను త్రోసివేసి, చివరకు అతడును సీటును మిగులునట్లు చేయుదురు.

పూర్వము దీనికి రంపములు, గునపములు, గ్యాసు మంట వాడిరి. రంపము చక్రము తిరిగినపుడు నిప్పురవ్వలు చెదరును. కారిన పెట్రోలు ప్రక్కన అది కొరివితో తల గోకుకొనుట. పైగా గంటలు పట్టును. ఈ కష్టమును చూచి దారి వెదకినవాడు అమెరికాలో జార్జి హర్స్టు అను యంత్రశిల్పి. పందెపు కార్లకు గేరు కడ్డీలు చేయు వ్యాపారి ఆయన. 1960ల దశకములో పందెములలో చితికిన కార్లనుండి డ్రైవర్లను తీయుటకు పట్టు కాలమును చూచి, నూనె ఒత్తిడితో పనిచేయు పెద్ద పట్టకారు వంటి యంత్రమును తయారు చేయించెను. 1970ల దశకములో అది అగ్నిమాపక దళముల చేతికి వచ్చెను. మృత్యువు దవడలనుండి మనిషిని లాగునది గనుక దానికి 'జాస్ ఆఫ్ లైఫ్' అను ముద్దుపేరు స్థిరపడెను. సూత్రము మన జాకీదే: చిన్న పంపు నూనెను నొక్కును, ఆ నూనె పెద్ద ముషలకమును త్రోయును. నేటి యంత్రములలో ఆ ఒత్తిడి చదరపు అంగుళమునకు 10,000 పౌనుల వరకు ఉండును. ఒక పరికరము నోరు తెరచి ఇనుమును విడదీయును. ఒకటి చిలుకముక్కు వలె మూసి కోయును. మూడవది కడ్డీవలె సాగి పలకను దూరముగ నెట్టును. నిప్పురవ్వ లేదు, పెద్ద కుదుపు లేదు. బ్యాటరీతో నడచునవియు ఇప్పుడు వచ్చినవి.

యంత్రము గొప్పదే గాని పని వరుస అంతకన్న గొప్పది. రేడియోలో బొమ్మ చూపుటకు వీలులేదు, కావున మాటలతోనే చెప్పుచున్నాము. దళము దిగినవెంటనే కోయుట మొదలు పెట్టదు. మొదట దారిని ఆపును. పిదప కారును కదలకుండ చేయును: చక్రములకు అడ్డుకట్టెలు, అంచు క్రింద చెక్కదిమ్మెలు, అవసరమైనచో టైర్లలో గాలి తీసివేయుట. కారు స్ప్రింగులమీద ఊగిన ప్రతిసారి లోపలివాని మెడయు ఊగును. అందులకే ఈ శ్రద్ధ. తరువాత ఇంజను ఆపి, తాళపుచెవి దూరముగ పెట్టి, బ్యాటరీ తీగను విప్పుదురు. దానికి ముందు ఒక యుక్తి కలదు. కరెంటుతో దిగు అద్దము, కరెంటుతో జరుగు సీటు ఉన్నచో వానిని ముందే దించి, మనిషికి నొప్పి కలుగనంతవరకు వెనుకకు జరిపి, అటుపిమ్మట బ్యాటరీ విప్పవలెను. బ్యాటరీ తీసిన తరువాత ఆ పనికి ఇనుము కోయవలసి వచ్చును!

ఈలోపల ఒకడు వెనుక సీటులోనికి ప్రవేశించి, గాయపడినవాని తలను రెండు అరచేతులతో ఇరుప్రక్కల పట్టుకొని, మోచేతులను సీటుకు ఆనించి కూర్చుండును. అతని పని అదియే. యంత్రము పట్టడు, కేకలు వేయడు. మరొకడు ఎదుటనుండి మాట్లాడును. ప్రక్కనుండి పిలిచినచో గాయపడినవాడు తల త్రిప్పును గదా! కావున ముఖాముఖి నిలిచి చెప్పవలెను. మన ఊరి మాటలలోనైతే: "అన్నా, మెడ తిప్పమాకు, నా వంకే చూస్తా ఉండు, నేనెక్కడికీ పోను." అవునా కాదా అని అడిగి తల ఊపించుకొనరాదు, నోటితో చెప్పుమనవలెను.

అద్దములలో రెండు రకములు. ప్రక్క అద్దము మూలను పదునైన మొనతో పొడిచినచో పటికబెల్లపు పలుకులవలె రాలిపోవును. ముందు అద్దము రెండు పొరల నడుమ ప్లాస్టిక్ పొర అతికినది. అది రాలదు, కోయవలెను. గాజుపొడి కంట పడకుండ లోపలివానికి దుప్పటి కప్పుదురు. లోపల ఎవరో ఒకరు అతని చేయి పట్టుకొందురు. ఇంతయు జరిగిన పిమ్మట తలుపు వంతు. ముందు పిడి లాగి చూతురు. నవ్వులాట కాదు. నాలుగు తలుపులలో ఒకటి మామూలుగనే తెరచుకొను సందర్భములు కలవు. ఆవేశములో దానిని ఎవరును తాకి చూడరు.

క్రొత్త కార్లలో రెండు చిక్కులున్నవి. మొదటిది గాలిసంచులు. ఢీకొన్నప్పుడు ప్రేలని ఎయిర్‌బ్యాగు, పని జరుగుచుండగా ప్రేలవచ్చును. అందుచేత స్టీరింగునకును మనిషికిని నడుమ తలగాని పనిముట్టుగాని దూర్చరాదు. కొన్ని కార్లలో ఆ సంచులకు గాలినిచ్చు చిన్న సిలిండర్లు పైకప్పు అంచులలో దాగియుండును. వానిని కోసినచో బాంబువలె ప్రేలును. కావున కోయుటకు ముందు లోపలి ప్లాస్టిక్ పొరను పెరికి చూడవలెను. రెండవది ఉక్కు. ప్రయాణికుని కాపాడుటకే నడిమి స్తంభములలో బోరాను కలిపిన మిక్కిలి గట్టి ఉక్కును పెట్టుచున్నారు. పాత యంత్రముల పండ్లు దానిమీద దిగవు. చోటు మార్చి కోయవలెను. కరెంటు కార్లలో నారింజరంగు తీగ కనబడినచో దానిని ముట్టరాదు. దళములలోని వారు సయితము క్రొత్త కారు వచ్చినప్పుడెల్ల క్రొత్తగా నేర్చుకొనవలసియే ఉన్నది.

ఇదియంతయు ఉన్నతమైన ఏర్పాటు. పల్లె దారిలో జరుగునది వేరు. ట్రాక్టరుకు గొలుసు కట్టి తలుపును లాగుదురు, గునపములు దూర్తురు, దగ్గరి వెల్డింగు దుకాణమునుండి గ్యాసు కటింగు సామగ్రి తెత్తురు, జేసీబీ దొరికినచో దాని కొక్కెము తగిలింతురు. వీనిలో గునపము మాత్రము, నిదానముగ వాడినచో, తప్పులేనిది. తలుపు సందును వెడల్పు చేయుటకు ఇద్దరు మనుష్యులు రెండు గునపములు చాలును. ట్రాక్టరు గొలుసు కారునంతటిని ఒక్కసారి కుదుపును. లోపలివాని తలను ఎవరును పట్టుకొనకుండ అట్లు లాగుట అపాయకరము. తప్పనిసరియైనచో కారు వెనుక చక్రములకు రాళ్లు పెట్టి, గొలుసు బిగువు మెల్లగా పెంచవలెను గాని విసురుగా కాదు. గ్యాసు మంటను మాత్రము పెట్రోలు వాసన ఉన్నచోట దగ్గరికి రానీయరాదు. ఇందులో రాజీ లేదు.

ఇంతవరకు చెప్పినది వినిన శ్రోతలు, అయితే అగ్నిమాపక దళము వచ్చువరకు చేతులు కట్టుకొని నిలబడుటయే కర్తవ్యమని తలంపవచ్చును. అట్లు కాదు. దశాబ్దముల తరబడి నేర్పిన పాఠమే ఇటీవల కొంత మారినది. బ్రిటనులో ఆసుపత్రులకు చేరిన 63,625 మంది కారు ప్రమాద బాధితుల వివరములను పరిశీలించి 2021లో ఒక నివేదిక ప్రకటించిరి. వారిలో సుమారు 7,000 మంది వాహనములలో చిక్కుకొన్నవారు. చిక్కుకొననివారిలో నూటికి 5.0 మంది మరణించగా, చిక్కుకొన్నవారిలో నూటికి 8.9 మంది మరణించిరి. వెన్నుపాముకు దెబ్బ తగిలినవారో, చిక్కుకొన్నవారిలో నూటికి ఒకరికన్న తక్కువ. ఆ కొద్దిమందిలోను సగము మందికి రొమ్ములోనో, కడుపులోనో, తలలోనో ప్రాణముమీదికి వచ్చు మరియొక గాయమున్నది. అనగా మెడను కాపాడుచున్నామను ధైర్యముతో గంటసేపు మెల్లగా కారు కోయుచుండగా, లోపల రక్తము కారి మనిషి పోవచ్చును.

మరియొక సంగతి కూడ ఆ పరిశోధకులు కొలిచి చూచిరి. ఆరోగ్యవంతులను కారులో కూర్చుండబెట్టి, మెడకును నడుమునకును కొలత పరికరములు తగిలించి, పలు విధముల బయటికి తీయించిరి. పైకప్పు కోసి పలకమీద జార్చుట, తలుపు ప్రక్కనుండి తీయుట, ఏమియు చేయక 'నీవే దిగుము' అని చెప్పుట. అన్నిటిలోను వెన్ను తక్కువ కదలినది తనంతట తాను దిగినప్పుడే! తన మెడ నొప్పి తనకు తెలియును. కండరములు తమకు తాము బిగిసి కాపలా కాయును. ఇతరులు ఎత్తినప్పుడు ఆ కాపలా ఉండదు. ఈ ఫలితమునుబట్టి బ్రిటనులో పద్ధతిని మార్చుకొనుచున్నారు.

మా దృష్టిలో మన ప్రాంతమునకు ఈ క్రొత్త పాఠము మిక్కిలి ఉపయోగకరము. మన దారులమీద యంత్రము వచ్చుట ఆలస్యము కావచ్చును గాని నోటిమాట ఆలస్యము కాదు. లోపలివాడు తెలివిగా ఉన్నాడా, చెప్పినది అర్థమగుచున్నదా, కాళ్లు కదపగలడా, ఒక్క కాలిమీదనైనను నిలువగలడా? అట్లయినచో తలుపు తెరచి, మెడ త్రిప్పక, శరీరమునంతటిని ఒక్క ముక్కగా త్రిప్పుకొని, మెల్లగా తనంతట తాను దిగుమని చెప్పవలెను. మనము చేయి ఆసరా ఇత్తుము గాని లాగము. రెండు తొడలు విరిగినవాడు, తుంటిలో తీవ్రమైన నొప్పి కలవాడు, ఇనుపకడ్డీ గ్రుచ్చుకొన్నవాడు, తెలివి తప్పినవాడు - వీరికి ఈ సలహా చెల్లదు. గ్రుచ్చుకొన్న కడ్డీని పెరుకరాదు. దానిని కారునుండి కోసి మనిషితోపాటే ఆసుపత్రికి పంపుదురు.

మెడ మాటను పూర్తిగా ప్రక్కకు పెట్టవలసిన ఘడియలును కలవు. 2024 మే 13న ఎన్నికలలో ఓటు వేసి హైదరాబాదు తిరిగిపోవుచున్నవారితో మన చినగంజామునుండి బయలుదేరిన ప్రైవేటు బస్సు, మే 15 తెల్లవారుజామున చిలకలూరిపేట సమీపమున టిప్పరును ఢీకొని మంటలలో చిక్కెను. ఆరుగురు మరణించిరి. 2013 అక్టోబరు 30న మహబూబునగరు జిల్లా పాలెము వద్ద బెంగుళూరు - హైదరాబాదు బస్సు కాలి 45 మంది ప్రాణములు పోయినవి. అట్టి చోట మెడ, వెన్ను అని తర్కించువాడు వెఱ్ఱివాడు. చేతికి దొరికినది పట్టుకొని లాగవలసినదే. చొక్కా కాలరునైనను, కాలునైనను. అద్దము పగులగొట్టవలసినదే. పొగ కనబడకముందు మొదటి రెండు నిమిషములే మన చేతిలోనివి.

నీటి విషయమును అంతియే. కృష్ణా పశ్చిమ డెల్టా కాలువల గట్లే తెనాలి, రేపల్లె, బాపట్ల ప్రాంతములలో దారులు. కొమ్మమూరు కాలువలోనికో, మురుగు కాలువలోనికో కారు బోర్లపడినచో తలుపులకు వెలుపలి నీటి ఒత్తిడి అడ్డు నిలుచును. లోపలివారు నీరు అద్దము ఎక్కకముందే అద్దము దించుకొని బయటపడవలెను. బయటివారు ప్రక్క అద్దమును పగులగొట్టి తీయవలెను. నీటిలోనుండి తీయునప్పుడు వీలైనంత తలను వెన్నుతో సరళరేఖలో ఉంచుట మంచిది. వీలుకాకున్న ఊపిరియే ముఖ్యము.

మూడవది, నిప్పు నీరు లేకున్నను ఊపిరి ఆడనివాడు. తల ముందుకు వ్రాలి గడ్డము రొమ్మునకు ఆని గొంతు మూసుకొనిపోయినచో, అతడు మన కన్నులముందే నిమిషములలో పోవును. తలను ముట్టరాదని విన్నాము గదా అని నిలువరాదు. రెండు చేతులతో తలను పట్టి మెల్లగా నిటారుకు తెచ్చి, దవడ మూలలను వ్రేళ్లతో ముందుకు త్రోసినచో నాలుక తొలగి గాలి దారి తెరచుకొనును. ఊపిరి మెడకన్న ముందు. ఊపిరి తరువాత కారుచున్న రక్తము. శుభ్రమైన గుడ్డతో, తువ్వాలుతో గట్టిగ అదిమి పట్టవలెను. మెడ మూడవది. మెడ మూడవదైనను, మొదటి రెండు పనులు చేయుచున్నప్పుడు సయితము ఒకరి చేతులు తలను విడువకుండుట మంచిది. నలుగురున్నచో అది కష్టము కాదు.

తీసిన పిమ్మట ఆటోలో మడిచి కూర్చుండబెట్టరాదని ముందే చెప్పితిమి. వెడల్పైన బల్లగాని, తలుపుచెక్కగాని దొరికినచో దానిమీద వెల్లకిల పరుండబెట్టి, తలకు ఇరుప్రక్కల మడిచిన చీరలో, ఇసుక నింపిన సంచులో ఆనించవలెను. ఎత్తుట నలుగురు ఒక్కమాటు, తలవద్ద ఉన్నవాడు లెక్కపెట్టగా. అతడే నాయకుడు, వయస్సులో చిన్నవాడైనను అతని మాట వినవలెను. వాంతి వచ్చినచో బల్లనంతటిని ఒక ప్రక్కకు ఒరిగింపవలెను గాని తలను మాత్రము త్రిప్పరాదు.

పోలీసు కేసులో ఇరుక్కొందుమను భయము ఒకటి మన జనులలో నాటుకొని యున్నది. కోర్టు వాయిదాలు తిరుగలేక దూరముగ నిలిచినవారిని మనము నిందించి లాభము లేదు. వెనుక అట్లే జరిగినది. కాని 2016 మార్చి 30న సుప్రీంకోర్టు సహాయకులను వేధింపరాదని తీర్పు నిచ్చెను. 2019లో మోటారు వాహనముల చట్టమును సవరించి, మంచి మనస్సుతో సాయపడినవానిపై ఆ సాయము మూలముగా ఏ వ్యాజ్యమును చెల్లదని 134-ఎ విభాగమును చేర్చిరి. పేరు చెప్పుటయు అతని యిష్టమే. 2025నుండి రోడ్డు ప్రమాద బాధితులకు ఏడు దినములవరకు లక్షా ఏబదివేల రూపాయల మేర నగదు చెల్లింపు లేని చికిత్సకు కేంద్రప్రభుత్వము ఏర్పాటు చేసినది. తీవ్రముగ గాయపడినవానిని మొదటి గంటలో ఆసుపత్రికి చేర్చినవారికి 25,000 రూపాయల బహుమానము కూడ ప్రకటించినది. బహుమానము మంచిదే. కాని గంట అను మాట విని, గడియారము చూచి, ఇరుక్కొన్నవానిని గుంజువారు బయలుదేరకూడదని మా కోరిక.

సీటు బెల్టు మాట చెప్పకుండ ఈ ప్రసంగము చాలించుట కుదరదు. నేడు మనము వాడు మూడుచోట్ల బిగియు బెల్టును 1959లో స్వీడను దేశపు వోల్వో కంపెనీ ఇంజనీరు నిల్సు బోలిన్ రూపొందించెను. వెనుక సీటువారికి బెల్టు అక్కరలేదనుట మనలో స్థిరపడిన అపోహ. ఢీకొన్నప్పుడు బెల్టులేని వెనుక మనిషి ముందు సీటుమీదికి బస్తావలె వచ్చి పడును. ముందువాడు బెల్టు పెట్టుకొన్నను అతని మెడ వెనుకవాని బరువునకు లోనగును. తన మెడమీద ఆశ లేకున్నను ముందు కూర్చున్న అన్నగారి మెడనైనను తలంచి పెట్టుకొనవచ్చును. ఇక తలకు ఆనుడుగా సీటుపై ఉండు దిండు అలంకారము కాదు. వెనుకనుండి లారీ తగిలినప్పుడు తల వెనుకకు విరుచుకొనిపోకుండ ఆపునది అదియే. దాని పైఅంచు మన నడినెత్తి ఎత్తునకు ఉండవలెను. దానిని ఊడదీసి ఇంటిలో ఉంచి తిరుగు కార్లు కలవు!

చివరకు టెలిఫోను. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలై పిదప దేశములోని పెక్కు రాష్ట్రములకు ప్రాకిన 108 సేవ మనకు పరిచితమే. ఆ నంబరునకు పిలిచినప్పుడు 'యాక్సిడెంటు అయినది, త్వరగా రండి' అని మాత్రము చెప్పి పెట్టివేయరాదు. 'మనిషి కారులో ఇరుక్కొన్నాడు, తలుపు రాదు' అను మాట తప్పక చెప్పవలెను. అంతట అగ్నిమాపక దళముకూడ అవసరమని వారికి తెలియును. మరియొకడు నేరుగా 101కి పిలువవచ్చును. ఏ ఊరికిని ఏ ఊరికిని మధ్య, ఏ వైపు దారి, కిలోమీటరు రాయిమీద అంకె ఎంత, మంట గాని పెట్రోలు వాసన గాని ఉన్నదా, ఎందరు లోపలనున్నారు - ఇవి చాలును. ఒకనిని చిన్న దీపముతోనో, పచ్చి కొమ్మతోనో వెనుక నూరు గజముల దూరమున నిలిపి వచ్చు వాహనములను ఆపవలెను. ఆదుకొనుటకు వచ్చినవారిమీదనే మరియొక లారీ వచ్చి పడిన సందర్భములు తక్కువ కావు.

ఆంబులెన్సు వచ్చి, మెడపట్టీ చేతపట్టుకొన్న మనిషి దిగి, 'ఇక నేను పట్టుకొందును' అని చెప్పినదాక తల పట్టుకొన్నవాడు చేతులు తీయరాదు. తీసినపుడు అతనికి మరియొక పని మిగిలియుండును. గుంటూరులోనో ఒంగోలులోనో వైద్యుడు అడుగు మొదటి ప్రశ్నలలో ఒకదానికి జవాబు అతనికి తప్ప ఎవరికిని తెలియదు: ప్రమాదము జరిగిన క్రొత్తలో ఇతడు కాలివ్రేళ్లు, చేతివ్రేళ్లు కదపెనా, లేదా? మొదట కదపి పిదప మానినవాడు వేరు, మొదటినుండి కదపనివాడు వేరు. చికిత్స తొందర దానిపై ఆధారపడును. ఆ జవాబును, చూచిన వేళను, ఒక చీటిపై వ్రాసి ఆంబులెన్సువారి చేతికి ఇచ్చి పంపవలెను.